బాల్కనీ లెక్క

‘మంచు టపా’ సీరియల్ - తొమ్మిదో భాగం

కిందటి వారం మీరు మమ్మల్ని పాత నూలు మిల్లు హాల్లో, పదకొండో నంబరు బల్ల దగ్గర వదిలి వెళ్లారు. ఈ వారమే మొదలుపెట్టినవాళ్లుంటే వాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను, మిగతావాళ్లు ఓపిక పట్టండి. నేను విల్యా. ఇరవై నాలుగేళ్లు. జామ్ సీసాల మీద అంటించే కాగితాలకి బెర్రీ పళ్ల బొమ్మలు వేసి బతుకుతున్నాను. మా అక్క కెర్తు ఒక లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు రాసేది, ఇప్పుడు ఏడు నెలల కూతురు ఐలితో సెలవులో ఉంది. ఇద్దరం కలిసి ‘మంచు టపా’ అనే కంప్యూటర్ ఆట తయారు చేశాం. అందులో ఒక అమ్మాయి చక్రాలకి బదులు ఇనప పట్టీలుండే జారుబండిని ఒంటికాలితో తోసుకుంటూ గడ్డకట్టిన సరస్సు దాటి, మంచు కరిగేలోపు అవతలి ఒడ్డున ఉన్నవాళ్లకి పార్సిళ్లు అందించాలి. ప్రోగ్రాము అక్కది, బొమ్మలు నావి, గొడవలు ఇద్దరివీ.

రేపు శనివారం పోటీ. గెలిచిన జట్టుకి ఏడాదిపాటు జీతం, కూర్చుని పని చేసుకోవడానికి చోటు ఇస్తారు. అక్క సెలవు మార్చితో అయిపోతుంది. గెలిచామా, ఆట పూర్తి చేస్తాం. లేదా, అక్క మళ్లీ లిఫ్టులకి, నేను మళ్లీ బెర్రీ పళ్లకి. అంతే సంగతి.

పోటీలో ఒక్క నియమం కఠినం. ఆటను ఎవరి ల్యాప్‌టాప్ మీద వాళ్లే చూపించాలి, అది కూడా చేత్తో మోసుకొచ్చిన దాని మీద. అందుకే కదా మూడు వారాల కిందట మేం దుకాణాలన్నీ తిరిగింది! పెద్ద తెరది చూశాం, ఆటలకి ఏనుగంత బలం, బరువు కూడా అంతే. దాని చార్జరు ఒక్కటే ఇటుకంత ఉంది. పల్చటిది చూశాం, చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ మా సరస్సు సగం కూడా దాటలేకపోయింది. నాకు తెర కావాలి. మంచులో పదిహేడు రకాల తెలుపులున్నాయి, అవన్నీ విడివిడిగా కనబడాలి. అక్కకి గ్రాఫిక్స్ బలం కావాలి. పైగా ఐలి బండి కింద సామాన్లు పెట్టుకునే బుట్టలో పట్టాలి. దుకాణంలోకి ఐలితో సహా ఆ బండిని తోసుకెళ్లి, ఒక్కో ల్యాప్‌టాప్‌నీ బుట్టలో పెట్టి చూసిన ఘనత మాది. చివరికి పద్నాలుగంగుళాలది, కిలోన్నర పైచిలుకు బరువుది పట్టింది. అందులో రంగులు నిజం, బలం నిజం. మా సంబరం చూడాలి మీరు!

ఆ సంబరం శుక్రవారం ఉదయం పదిన్నర దాకా ఉంది.

రిహార్సల్లో ఆరు నిమిషాలు మా ఆట వెన్నలా సాగింది. పక్క బల్లలవాళ్లు తమ పని మానేసి మా తెర వైపు మెడలు సాచారు. నా మంచు! నలభై వేల రేకులు, ఒక్కోదానికీ దాని నీడ దానిదే. ఒకావిడ ‘అబ్బ’ అన్నది, నా చెవులారా విన్నాను. ఏడో నిమిషంలో ల్యాప్‌టాప్ ఫ్యాను జుట్టు ఆరబెట్టే యంత్రంలా మొత్తుకోవడం మొదలుపెట్టింది. జారుబండి తడబడింది. మా అమ్మాయి కాలు ఎత్తింది, దించడం మర్చిపోయింది. సెకనుకి అరవై బొమ్మలు ఆడాల్సిన చోట ముప్ఫై, ఇరవై, పదకొండు! ఆ తర్వాత అది ఆట కాదు, ఫొటో ఆల్బం.

నిర్వాహకురాలు కైసు గారు ఎర్ర కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని మా బల్ల దగ్గరికి వచ్చారు. ఆవిడ నవ్వడానికి కూడా పన్ను కడుతున్నట్టుంటారు.

“వేడెక్కింది” అన్నారు. “ఎంత వేగంతో ఆడుతుందని రాశారు ఫారంలో?”

“అరవై” అంది అక్క.

“ఎంతసేపు?”

“ఎంతసేపైనా అని రాశామండీ.”

“ఆహా!” అన్నారు కైసు గారు. ఆ ‘ఆహా’ లో మా ఇద్దరి పరువూ పోయింది. “సాయంత్రం ఆరింటికి ఎంట్రీలు మూసేస్తాను. ఈలోపు సరి చేసి కొత్త ఫైలు పంపండి. దాంతోపాటు ఇదే ల్యాప్‌టాప్ మీద పదిహేను నిమిషాలు ఆగకుండా ఆడిన వీడియో కావాలి. ఆడేది మీరిద్దరూ కాకూడదు, బయటి మనిషి. ఈ హాల్లో రేపు రెండొందల మంది ఉంటారు. ఇవాళ్టి కంటే వేడిగా ఉంటుంది, అది గుర్తుంచుకోండి.”

“పంపలేకపోతే?” అన్నాను.

“ఈ బల్ల కోసం తొమ్మిది జట్లు ఎదురు చూస్తున్నాయమ్మా” అని పన్నెండో బల్లకి వెళ్లిపోయారు.

ట్రాములో ఇంటికొచ్చేదాకా అక్క ఐలి బండి ఊపుతూ కూర్చుంది. నాకు కోపం వస్తే ఆకలేస్తుంది. రెండు యాలకుల బన్నులు తిన్నాను. మూడోది అక్కకి ఇవ్వబోయి అది కూడా నేనే తిన్నాను.

“నిన్న కూడా అరవై వచ్చిందే” అంది అక్క ఇంట్లో బూట్లు విప్పుతూ, నాతో కాదు, గోడతో చెప్పినట్టు. “మొన్న వచ్చింది. మూడు వారాలుగా రోజూ వస్తోంది. ఒక్కసారి కూడా తగ్గలేదు. యంత్రంలోనే ఏదో లోపం ఉంది. మార్చి ఇమ్మని అడుగుదాం.”

“ఆరింటిలోపా?”

“మరేం చెయ్యమంటావే?”

“ముందు నీ పరీక్షల పుస్తకం ఇయ్యి” అన్నాను.

మా అక్క చేసే పనులన్నీ పుస్తకంలో ఉంటాయి. ల్యాప్‌టాప్ డబ్బా తెరిచిన రోజు నుంచీ రాసి పెట్టింది. అక్కర్లేని ప్రోగ్రాములు తీసేసిన రోజు, ఆట పెద్ద గ్రాఫిక్స్ చిప్పు మీదే నడిచేలా పెట్టిన రోజు, బ్యాటరీ ఎనభై శాతం దాటి ఎక్కకుండా కట్టడి చేసిన రోజు, నేను అరువు తెచ్చిన పరికరంతో తెర రంగులు సరిచూసిన రోజు, అన్నీ తేదీలతో, గంటలతో సహా. ప్రోగ్రాము గురించి నాకేం తెలియదు. కానీ బొమ్మలు వేసేదాన్ని, ఒకే రకం గీత మళ్లీ మళ్లీ పడితే కంటికి తగులుతుంది. పదకొండుంబావు నుంచి పన్నెండున్నర. రెండున్నర నుంచి మూడు ముప్పావు. పదకొండు పది నుంచి ఒంటిగంట. పేజీ తర్వాత పేజీ అంతే.

“అక్కా, పరీక్షలన్నీ ఈ రెండు వేళల్లోనే ఎందుకు చేశావు?”

“ఐలి పడుకునేది అప్పుడేగా. అది మెలకువగా ఉంటే నన్ను కీబోర్డు ముట్టనిస్తుందా?”

“ఐలి ఎక్కడ పడుకుంటుంది?”

“ఎక్కడేంటే, పిల్లలందరూ పడుకునే చోటే, బా…”

అక్కడ ఆగిపోయింది.

ఇద్దరం ఒకేసారి తలలు తిప్పాం. బాల్కనీ అద్దం తలుపు వెనకాల ఐలి బండి, లోపల గొర్రె బొచ్చు పరుపు మీద, మేం రాగానే అక్క అలవాటుగా పడుకోబెట్టిన ఐలి. మా దేశంలో పసిపిల్లల్ని పగలు ఇలా వెచ్చగా చుట్టి బయటి చలిగాలిలోనే పడుకోబెడతారు. బండి పక్కన చిన్న బల్ల, ముక్కాలిపీట, వేళ్లు కత్తిరించిన ఉన్ని చేతిజోళ్లు. తలుపు సందులోంచి కరెంటు తీగ, చలి రాకుండా ఆ సందులో కుక్కిన మేజోడు. గోడ మీద థర్మామీటరు. మైనస్ ఎనిమిది.

నేను కూలబడి నవ్వడం మొదలుపెట్టాను. నవ్వు ఎప్పుడు కోపంగా మారిందో నాకే తెలియదు.

“ఫిన్లండ్ దేశం మొత్తాన్ని ఫ్యానుగా పెట్టుకుని పరీక్ష చేశావా నువ్వు! మైనస్ ఎనిమిదిలో! అరవై రాకేం చేస్తుందే, ఎనభై కూడా వస్తుంది!”

“నేను జాగ్రత్తగానే ఉన్నాను” అంది అక్క, మొహం కందగడ్డలా అయింది. “లోపలికి తెచ్చేటప్పుడు బయటే సంచిలో పెట్టి జిప్పు బిగించాను. చెమ్మ పట్టకుండా రెండు గంటలు విప్పేదాన్ని కాదు. ఒక్కరోజు కూడా తప్పలేదు. కావాలంటే చూడు, అది కూడా రాశాను.”

“చెమ్మ గుర్తుంది, వేడి గుర్తులేదు! హాల్లో ఉండేది మనుషులా, సీల్ జంతువులా?”

“అరవకు, ఐలి లేస్తుంది.”

“లేవనీ! దానికీ తెలియాలి వాళ్లమ్మ తెలివి!”

ఐలి లేచింది. అక్క దాన్ని లోపలికి తెచ్చి భుజం మీద వేసుకుంది. తర్వాత అక్క ఒక్కో మాటా పేర్చినట్టు చెప్పింది.

“విల్యా, నాకు రోజుకి మూడు గంటలు దొరుకుతాయి. అవి బాల్కనీలో దొరుకుతాయి. నేను ఎక్కడ కూర్చున్నానో నాకు గుర్తులేదు, ఏం రాస్తున్నానో అదే గుర్తుంది. వేళ్లు కొంకర్లు పోయేవి, చంకలో పెట్టుకుని కాచుకుని మళ్లీ రాసేదాన్ని. ఆ మూడు గంటల కోసం మిగతా ఇరవై ఒక్క గంటలు ఎదురు చూసేదాన్ని. పిచ్చిదాన్నే, ఒప్పుకుంటాను. కానీ ఈ ఏడు నెలల్లో నేను అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను.”

మా అక్క అలాంటి మాటలు మాట్లాడే మనిషి కాదు. నేను కూడా ఏదైనా మంచి మాట అనాల్సింది. అనలేదు. “సరే, ఇప్పుడేం చేద్దాం?” అన్నాను.

“నాలుగు పనులు చెయ్యాలి. మూడు నేను చేస్తాను.” ఐలిని నా ఒళ్లో పడేసి పెన్సిలు తీసింది. “సెకనుకి అరవై అక్కర్లేదు, నలభై దగ్గర బిగించేస్తాను. ఈ తెర మీద నలభై నిలకడగా వస్తే కంటికి తేడా తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. వెనకాల రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తుదాం, కింద నుంచి గాలి పీల్చుకుంటుంది. చిప్పు ఎంత కరెంటు మింగాలో దానికీ హద్దు పెడతాను.”

“నాలుగోది?”

అక్క నా వైపు చూడలేదు. “నీ మంచు.”

“ఏమైంది నా మంచుకి?”

“నలభై వేల రేకులు. నలభై వేల నీడలు. సగం వేడి అదే పుట్టిస్తోంది.”

అప్పుడు నేను ఆడిన మాటలు ఈ పత్రికలో అచ్చు వెయ్యరు. వేసే వాటిని చెబుతాను. “నువ్వు బాల్కనీలో చేసిన తప్పుకి నా మంచు బలా? ఆ మంచు కోసమే కదా ఈ తెర కొన్నాం! ఎనిమిది నెలలు వేశానే! ‘అబ్బ’ అన్నదక్కా ఆవిడ, హాల్లో, నువ్వు కూడా విన్నావు!”

“విన్నాను. ఏడో నిమిషంలో ‘అయ్యో’ అన్నది కూడా ఆవిడే.”

అప్పటికి ఒంటిగంటన్నర. ఐలిని అక్కకి ఇచ్చేసి, ల్యాప్‌టాప్ తీసుకుని, పెన్ను పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఒకరు తీసేస్తే కోత, నేనే తీసేస్తే పని. ఆ తేడా తెలిసే వయసు నాకు వచ్చింది.

దూరంగా పడే మంచుని మొత్తం తుడిచేశాను. దాని చోట ఒక్క బొమ్మ వేశాను, కదలని పెద్ద బొమ్మ. అందులో నా పదిహేడు తెలుపుల్లో పదకొండు ఇమిడాయి. దాని ముందు రెండు పల్చని తెరలు, ఒకటి మెల్లగా, ఒకటి కొంచెం తొందరగా జారేలా. నిజంగా కదిలే రేకులు మా అమ్మాయి చుట్టూ మాత్రమే ఉంచాను, ఆరు వేలు. నీడలు లేవు. మూడు గంటలు తల ఎత్తలేదు. అక్క మధ్యలో రై రొట్టె మీద వెన్న రాసి నా నోట్లో పెట్టింది, ఐలికి గుజ్జు పెట్టినట్టే. ఆ తర్వాత తన మూడు పనులూ చేసింది. అయిదింటికి రెండు భాగాలూ కలిపి ఆట నడిపాం.

నేను చెప్పకూడదు గానీ, ముందుకన్నా బాగుంది. ఇదివరకు మంచు ఎక్కడ చూసినా పడేది, చూపు ఎక్కడ నిలపాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఆ పెద్ద తెల్లటి సరస్సు మధ్యలో చిన్న అమ్మాయి ఒక్కతే కనబడుతోంది. అక్క చాలాసేపు చూసి, “ఇది చూస్తే చలేస్తోందే” అంది. మా అక్క నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు నేను ఈ జన్మలో వినను.

“వీడియో తీద్దాం పద” అన్నాను.

“ఇక్కడా? ఇంట్లో ఇరవై ఒక్క డిగ్రీలు. ఎంత తిప్పినా హీటరు అంతకు మించి వేడి ఇవ్వదు. ఇక్కడ బాగా ఆడితే మళ్లీ బాల్కనీ లెక్కే అవుతుంది. హాలంత వేడి కావాలి. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది.” అక్క కిటికీ వైపు చూసింది. బయట మైనస్ పది. “ఈ ఊళ్లో ఇప్పుడు అంత వేడిగా ఎక్కడుంటుంది?”

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. శుక్రవారం! నేలమాళిగలో, బిల్డింగువాళ్లందరూ వంతులవారీగా ఆవిరి స్నానం చేసే గది వేడెక్కి ఉంటుంది.

అయిదు నుంచి ఆరు దాకా ఆ గది వంతు మొదటి అంతస్తు ఇర్మెలి మామ్మగారిది. ఈ బిల్డింగులో వాటాలు చేతులు మారాయి, పెళ్లిళ్లయ్యాయి, విడాకులయ్యాయి, ఆవిడ శుక్రవారం అయిదు గంటల వంతు మాత్రం ముప్ఫై ఏళ్లుగా మారలేదు. బడిలో వంట చేసి రిటైరైన మనిషి. మూడొందల మంది పిల్లల్ని ఒక్క గరిటెతో అదుపులో పెట్టానని చెబుతుంటారు, నేను నమ్ముతాను.

తలుపు కొట్టాం. ఎర్రగా ఉడికిన మొహంతో, తలకి తువ్వాలు చుట్టుకుని, స్నానపు కోటు బిగించుకుంటూ తలుపు తీశారు. అక్క చంకలో ఐలి, నా చేతిలో ల్యాప్‌టాప్, పంటి కింద బాల్కనీ థర్మామీటరు.

“ఎవరు చచ్చారు?” అన్నారు.

“ఎవరూ చావలేదు మామ్మగారూ. మాకు మీ బట్టలు మార్చుకునే గది కావాలి, పదిహేను నిమిషాలు. కంప్యూటర్ ఆట ఆడాలి” అంది అక్క.

ఆవిడ మమ్మల్ని పైనుంచి కిందకి చూశారు. “నేనుండగానే నా వంతులో ఆటలాడతారా? ఇంట్లో గది లేదూ?”

“గది ఉంది, వేడి లేదు.” నేను థర్మామీటరు గోడకి ఆనించి చూశాను. ఇరవై ఎనిమిది! ఎగిరి గంతేశాను. “మామ్మగారూ, మీరే ఆడాలి. మేం ఆడితే ఒప్పుకోరు, బయటి మనిషి కావాలి.”

“నేనా? నాకు టీవీ మీటలే తెలియవు.”

“నాలుగు మీటలే. ముందుకి, పక్కలకి, ఆగడానికి. మీకు జారుబండి తోయడం వచ్చుగా?”

“జారుబండా?” అన్నారు ఆవిడ. “నేను పుట్టింది సరస్సు అవతల. బడికి దాని మీదే వెళ్లేదాన్ని, వచ్చేదాన్ని. నాకు తోయడం నువ్వు నేర్పుతావేమే?” అని బెంచీ మీద కూర్చుని, కోటు సర్దుకుని, చేతులు తుడుచుకున్నారు. “ఒక్కమాట. పావుగంట దాటితే ఊరుకోను. లోపల ఆవిరి కోసం పొయ్యి మీద కాల్చిన నా రాళ్లు చల్లారిపోతాయి.”

తెర, ఆడేవాళ్ల మొహం రెండూ ల్యాప్‌టాప్‌లోనే రికార్డయ్యేలా పెట్టి అయిదు ముప్ఫై నాలుగుకి మొదలుపెట్టాం. నేను ఆవిరి గది తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను, ఒక్క చుక్క చెమ్మ బయటికి రాకుండా. అక్క ఒక చేత్తో ఐలిని, ఇంకో చేత్తో గడియారాన్ని పట్టుకుంది. ల్యాప్‌టాప్ వెనక రెండు చెక్క ముక్కలు. తెర మీద ఒక మూల చిన్న అంకె, నలభై.

మొదటి రెండు నిమిషాల్లో మామ్మగారు మూడుసార్లు ఒడ్డుకి గుద్దుకున్నారు. “ఇదేం బండి, బ్రేకుల్లేవు!” అన్నారు. మూడో నిమిషంలో మొదటి పార్సిలు అందించారు. అయిదో నిమిషానికి తిట్టడం మానేశారు. ఆరో నిమిషంలో ఫ్యాను లేచింది. అక్క కళ్లు మూసుకుంది.

“ఏడు” అన్నాను. “అక్కా, ఏడు! చూడవే!”

“నువ్వు చూసి చెప్పు.”

“నలభై! నలభయ్యే ఉంది!”

ఫ్యాను ఒక స్థాయికి వెళ్లి అక్కడే ఆగింది, అరవలేదు. ఎనిమిది. తొమ్మిది. ఒక్కసారి ముప్ఫై ఎనిమిది చూపించింది, మళ్లీ నలభై. ఐలి ఆ వెలుగు కోసం రెండు చేతులూ చాపింది, అక్క దాని చేతుల్ని వెనక్కి లాగింది. థర్మామీటరు ఇరవై తొమ్మిదికి ఎక్కింది. నా మెడ వెనకాల చెమట, మామ్మగారి నుదుటి మీద చెమట, ల్యాప్‌టాప్ మాత్రం దర్జాగా నడుస్తోంది. పన్నెండు. పదమూడు. పద్నాలుగో నిమిషంలో అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు బాల్కనీలో మూడు వారాలు కీబోర్డు కొట్టిన పట్టు, వేళ్లు విరిగాయనుకున్నాను.

“పదిహేను!” అరిచాం ఇద్దరం. ఐలి ఉలిక్కిపడి ఏడుపు ఎత్తుకుంది. మేం గెంతుతున్నాం, తిరుగుతున్నాం, అక్క ఐలి నెత్తి మీద, నా నెత్తి మీద, చెక్క గోడ మీద కూడా ముద్దులు పెట్టింది. టైము అయిదు నలభై తొమ్మిది. నేలమాళిగలో ఇంటర్నెట్ రాదు. నాలుగో అంతస్తుకి వెళ్లాలి. లిఫ్టు ప్రోగ్రాములు రాసే మా అక్క లిఫ్టు ఎక్కదు, మెట్లు రెండు నిమిషాలు. ఆట ఫైలు, వీడియో పంపడానికి ఏడు నిమిషాలు. ఇప్పుడు కదిలితే రెండు నిమిషాలు మిగులుతాయి.

“మామ్మగారూ, అయిపోయింది! మీకు వెయ్యి దండాలు. ఇక ఇవ్వండి” అని చేతులు చాపాను.

ఆవిడ ఇవ్వలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. మొహం తెరకి దగ్గరగా పెట్టి, పెదవి కొరుక్కుంటూ, ఎడమ చేత్తో ల్యాప్‌టాప్ అంచు గట్టిగా పట్టుకున్నారు.

“ఉండమ్మా. ఆఖరి పార్సిలు ఒకటుంది.”

“మళ్లీ ఆడదురుగాని. రేపు ఇంటికి తెచ్చి ఇస్తాను.”

“రేపటికి మంచు ఉంటుందా? కరిగిపోతోంది, కనబడ్డంలేదూ? అవతల ఆ ఇంట్లో దీపం పెట్టుకుని ఎవరో కూర్చున్నారు. ఇది వాళ్లకి ఇవ్వకుండా నేనెలా లేస్తాను?”

“మామ్మగారూ, అది ఆట…”

“ఆటయితే మరి నా గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది?” అన్నారు ఆవిడ, గసిరినట్టు.

నేను అక్క వైపు తిరిగాను. ఆరింటికి ఒక్క క్షణం ముందు కూడా కాదు, పావుగంట ముందే పంపాలని నిన్నటి నుంచి నా ప్రాణాలు తోడేసిన మనిషి. అక్క ముందుకొచ్చింది, చెయ్యి చాపింది, ల్యాప్‌టాప్ మూత దాకా వెళ్లింది ఆ చెయ్యి. అక్కడ ఆగిపోయింది. తెర వెలుగు పడుతున్న మామ్మగారి మొహాన్ని చూస్తోంది. మా ఆటని మేమిద్దరం కాకుండా ఇంకో మనిషి ఇంతసేపు ఆడటం ఇదే మొదటిసారి.

“అక్కా! యాభై ఒకటి! లాక్కో!”

అక్క వినలేదు. ఐలిని నా చేతుల్లో పెట్టి, బెంచీ మీద ఆవిడ పక్కనే కూర్చుని, తెర మీదికి వంగింది.

“ఎడమవైపు మంచు పల్చగా ఉంది మామ్మగారూ, విరుగుతుంది. కుడి పక్కనుంచి తోయండి” అంది.